'మీవాళ్లు' అనే మాట: ఒక మిద్దెతోట గ్రూపు కేస్ స్టడీ

గోదావరి డెల్టాలో మొక్కలు పెంచుకునేవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటి ఉంది. దాని నలుగురు అడ్మిన్లలో నేనొకణ్ణి. 2024 వేసవిలో ఆ గ్రూపు ముక్కలయ్యేదాకా వచ్చి ఆగింది. ఎలా ఆగిందో రాసి పెట్టమని ఇలాంటి గ్రూపులు నడిపే మిత్రులు అడిగారు. పేర్లు, ఊళ్లు, గుర్తుపట్టగలిగే కొన్ని వివరాలు మార్చాను. ఇందులో ముఖ్యంగా కనిపించే ఇద్దరికీ రాసింది చదివి వినిపించాను. ఒకాయన రెండు వాక్యాలు తీసేయమన్నారు, తీసేశాను.

గ్రూపు సంగతి

మా వైపు మొక్కల పిచ్చికి కారణం వెతకక్కర్లేదు, కడియం పక్కనే ఉంది. ఆదివారం బండేసుకుని కడియపులంక వెళ్లి రెండు మొక్కలు తెచ్చుకుందాం అనుకున్నవాడు ఎనిమిదింటితో తిరిగొస్తాడు. వాటిలో బతికేవి మూడు. మిగతా అయిదూ ఎందుకు చచ్చాయో అడగడానికి ఒక చోటు కావాలి కదా, గ్రూపు అలా పుట్టింది. అప్పటికి 700 పైచిలుకు మంది ఉన్నాం. రిటైరైన మాస్టార్లు, ఇంటి దగ్గరుండే ఆడవాళ్లు, కొబ్బరి రైతులు, బ్యాంకు ఉద్యోగులు, రొయ్యల చెరువులున్నవాళ్లు, హైదరాబాద్‌లో ఉంటూ ఊళ్లోని పెరడు మీద బెంగపెట్టుకున్న కుర్రాళ్లు.

2022 మే 24న జిల్లా పేరు విషయమై అమలాపురంలో అల్లర్లు జరిగాయి. కోనసీమలో ఇంటర్నెట్ ఆపేశారు. నెట్ తిరిగొచ్చాక గ్రూపులోకి మొదట వచ్చిన మెసేజీలు మొక్కలవి కావు. ఆ రాత్రే గ్రూపు వివరణలో 'రాజకీయాలు నిషేధం' అని రెండు మాటలు రాసిపెట్టాం. రెండేళ్లు ఆ నియమం నిలబడిందనుకున్నాం. నిజానికి ఎవరూ దాన్ని తోసి చూడలేదు, అంతే.

మిరప ఆకుతో మొదలు

మార్చి 16న ఎన్నికల కోడ్ వచ్చింది, పోలింగ్ మే 13న. దాళ్వా (రబీ వరి) చివర్లో, కాలువలు కట్టేసే రోజుల్లో సముద్రం వైపు మండలం నుంచి ఒకావిడ ఫోటో పెట్టారు. గ్రో బ్యాగులో మిరప మొక్క. అగ్గిపుల్ల చూపించినట్టు ఆకుల అంచులన్నీ మాడి, లోపలికి ముడుచుకున్నాయి. 'బోరు నీళ్లే పోస్తున్నానండి, మందేమైనా ఉందా' అని అడిగారు.

వేపనూనె కొట్టమని, నీడ వల కట్టమని, పొటాష్ వేయమని ఎనిమిది జవాబులొచ్చాయి. తొమ్మిదోది మాస్టారిది: 'మందు లేదమ్మా. మా బోరూ అంతే. చుట్టూ చెరువులు తవ్వాక తీపి నీళ్లు ఎక్కడివి?'

ఫోన్ పట్టుకుని కాసేపు కూర్చున్నాను. ఇది రాజకీయమా, కాదా? మా రెండు మాటల నియమం ప్రకారమైతే కొట్టేయొచ్చు. కానీ వచ్చిన తొమ్మిదింటిలో అసలు కారణం వెతికింది ఆ ఒక్కటే. వదిలేశాను. ఆ నిర్ణయం సరైనదేనని ఇప్పటికీ అనుకుంటున్నాను.

చెరువులున్న ఒక కుర్రాడు, గ్రూపులో ఆర్కిడ్ల తమ్ముడు అంటాం, జవాబిచ్చాడు. 'అందరి చెరువులూ ఒకటి కాదు మాస్టారూ. పర్మిషన్ ఉన్నవీ ఉన్నాయి.' ఇదీ బాగానే ఉంది. అప్పుడు మూడో ఆయన వచ్చి, 'ఆ పర్మిషన్లు ఎవరి హయాంలో ఇచ్చారో చెప్పమనండి' అన్నాడు. ఆ మెసేజీలో మొక్క లేదు, నీళ్లు లేవు. నలభై నిమిషాల తర్వాత మాస్టారు రాసింది ఇది:

'తమరు నిశ్చింతగా రొయ్యలు పెంచుకోండి బాబూ. మేం ఉప్పు వేయకుండానే కూర వండుకుంటున్నాం. అంతా మీవాళ్ల దయ.'

దానికి తమ్ముడి జవాబు: 'పాఠం బాగా చెప్పారు మాస్టారండీ. ఇన్నేళ్లూ కాలువ తలదగ్గర కూర్చుని మీవాళ్లు తాగినవన్నీ తీపి నీళ్లే కదండీ. ఒక్కసారి ఉప్పు రుచి కూడా చూడండి ఆయ్.'

గోదావరి జిల్లాలవాళ్లకు ఈ రెండు మెసేజీల బరువు నేను చెప్పక్కర్లేదు. బయటివాళ్ల కోసం చెప్తున్నాను. ఒక్క బూతు లేదు. 'బాబూ' ఉంది, 'అండీ' ఉంది, 'తమరు' ఉంది. మా దగ్గర మర్యాద ఎంత పెరిగితే దెబ్బ అంత గట్టిగా పడినట్టు. 'మీవాళ్లు' అంటే పార్టీ ఒక్కటే కాదు, కులం కూడా. రెండూ ఒకే మాటలో పడుకుని ఉంటాయి. ఏది అన్నావని నిలదీస్తే రెండోది అన్నానని తప్పించుకోవచ్చు. అందుకే అందరికీ ఆ మాట అంత ఇష్టం.

ఇంకొకటి కూడా గమనించాలి. ఇద్దరిలో ఎవరూ అబద్ధం చెప్పలేదు. మాస్టారింట్లో తాగడానికి నీళ్ల టిన్నులు కొనుక్కుంటున్నారు. తమ్ముడి కుటుంబానిది శివారు భూమి. ధవళేశ్వరం దగ్గర 1852లో కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటినుంచీ డెల్టా అంతా కాలువ నీటిదే అంటాం గానీ, కాలువ మొదట్లో ఉన్నవాడికి అందినట్టు చివర ఉన్నవాడికి అందదు. మురుగు దిగక, పంట గిట్టక కోనసీమ రైతులు 2011లో సార్వా (ఖరీఫ్) పంటకి విరామం ప్రకటించిన సంగతి అందరికీ గుర్తే. వనామీ రొయ్యకు 2009లో దేశంలో అనుమతి వచ్చింది. వరి గిట్టని చోట భూమి చెరువైంది. ఆ కుర్రాడికి అది పాపంలా కనిపించదు, బతుకుతెరువులా కనిపిస్తుంది. మాస్టారికి అదే తన బోరులో ఉప్పు.

చేసి చూసినవి, చెడినవి

మొదట అందరూ చేసే పనే చేశాను, కొట్టేయడం. ఆ రాత్రి 14 మెసేజీలు తీసేశాను. వాట్సాప్‌లో అడ్మిన్ మెసేజీ తీసేస్తే అక్కడ ఖాళీ ఉండదు. ఫలానా అడ్మిన్ తొలగించారని నా పేరుతో సహా ఒక గీత మిగులుతుంది. పొద్దున లేచి చూస్తే గ్రూపంతా నా పేరే. చూడనివాళ్లకు 'ఏం రాశారో' అన్న ఆరాటం. చూసినవాళ్ల దగ్గర స్క్రీన్‌షాట్లు. మధ్యాహ్నానికి ఒకాయన లెక్క పంపాడు: ఒక వైపువి 11, రెండో వైపువి 3. లెక్క కరెక్టే. ఆ వైపు నుంచి ఎక్కువ మంది రాశారు కాబట్టి తీసేసినవీ ఎక్కువే. కానీ అది ఎలా చూపించను? రుజువు నేనే చెరిపేశాను. ఇప్పుడైతే తీసేసే ముందు ప్రతిదీ అడ్మిన్ల గ్రూపులోకి పంపి పెట్టుకుంటాం. ఎవరైనా అడిగితే వాళ్లది వాళ్లకు చూపిస్తాం.

రెండోది నిషిద్ధ పదాల జాబితా. మాలో సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒకడు పట్టుదలగా అరవై మాటలతో ఒక పట్టిక తయారుచేశాడు. పార్టీల పేర్లు, నాయకుల పేర్లు, తిట్లు, ఎన్నికల గుర్తులు అన్నీ ఉన్నాయి. వాట్సాప్‌లో మాటల్ని దానంతటదే ఆపే ఏర్పాటు లేదు కాబట్టి ఎవరో ఒకరు కూర్చుని చూడాలి. చూశాం. రెండు రోజుల్లో పట్టుబడ్డవి ఇవి: 'వంగ గింజలు ఫ్యాన్ కింద ఆరబెట్టాను', 'రోజూ ఒక గ్లాసు నీళ్లు చాలు', 'మా సైకిల్ పాత టైరుతో కుండీ స్టాండు'. పూల గ్రూపులో కమలాన్ని నిషేధించిన ఘనత కూడా మాదే. తామర దుంపలు అమ్మే ఆవిడ నన్నే అడిగింది, 'ఇప్పుడు దీన్ని ఏమనమంటారండీ' అని. జనం ఆ జాబితాతో ఆడుకున్నారు. మాస్టారు రాసిన ఉప్పు లేని కూర వాక్యాన్ని ఆ అరవై మాటలతోనూ జల్లెడపట్టి చూశాను. చక్కగా దాటిపోయింది. జాబితా ఆ రోజుతో సరి.

మూడోది 'రచ్చబండ' పేరుతో వేరే గ్రూపు. రాజకీయం మాట్లాడాలనుకున్నవాళ్లు అక్కడికెళ్లండి అన్నాం. చూడ్డానికి తెలివైన ఏర్పాటే. 34 మంది చేరారు. అందరూ మాట్లాడేవాళ్లే, వినేవాడు లేడు. ఇక్కడ పక్కన ఉండే 'పోనీలెండి మాస్టారూ, ఈ గులాబీకి ఏమైందో చూడండి' అనే ఆడవాళ్లు అక్కడ లేరు. వాళ్లు చల్లబరిచే నీళ్లని అప్పుడే అర్థమైంది. మంటని, పెట్రోలుని ఒక గదిలో పెట్టి తలుపు వేసి, నీళ్లు బయట ఉంచేశాం. నాలుగో రోజు అక్కడి స్క్రీన్‌షాట్లు ఇక్కడికి వచ్చాయి. రచ్చబండ మూసేశాం.

నాలుగోది తాళం. మూడు రోజులు అడ్మిన్లు మాత్రమే రాయగలిగేలా పెట్టాం. ఇది అన్నిటికన్నా పెద్ద తప్పు. అవే రోజుల్లో ఇద్దరి కొబ్బరి చెట్ల మీద తెల్లదోమ దిగింది. ఆకుల అడుగున సుడులు సుడులుగా తెల్లటి మైనం, కింది ఆకుల మీద మసిలాంటి నలుపు. మామూలుగా అయితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు 'కంగారుపడి గట్టి మందులు కొట్టకండి, దాన్ని తినే మిత్రపురుగులు చచ్చిపోతాయి, అంబాజీపేట పరిశోధనా స్థానంలో కనుక్కోండి' అని చెప్పేసేవారు. తాళం వల్ల నాకు విడిగా మెసేజీ పెట్టారు. నేను తెలిసినవాళ్లను అడిగి జవాబు మోసుకొచ్చేసరికి ఒకాయన షాపువాడు ఇచ్చిన మందు కొట్టేశాడు. పదిమంది చేసిన గొడవకు 700 మంది నోరు మూయించాం. నోరు మూయించినవాళ్లలో ఆ పదిమందీ ఊరుకోలేదు, విడివిడిగా కొట్టుకుంటూనే ఉన్నారు.

ఈ మధ్యలో ఒక అడ్మిన్ తప్పుకుంటానన్నారు. ఎవరో రాసినదానికి అడ్మిన్ల మీద కేసు పెడతారని ఆవిడ భయం. సభ్యుడు పెట్టిన పోస్టుకు అడ్మిన్‌ని బాధ్యుడిగా చేయలేమని 2022లో కేరళ హైకోర్టు చెప్పింది. మన హైకోర్టు కాదు గానీ ధైర్యానికి పనికొచ్చింది. ఆవిడ ఉన్నారు.

ఫోను, ఆ తర్వాత బండి

మాస్టారికి ఉదయం ఆరున్నరకి ఫోన్ చేశాను. ఆయన మొక్కలకు నీళ్లు పోసే వేళ అది. చేతిలో పని ఉన్నప్పుడు మనిషి కోపం సగం పనిలోకి పోతుంది.

'నేనేం తిట్టానండీ? ఒక్క మాట తూలానా?' అన్నారు.

'తూలలేదు మాస్టారూ. తూలుంటే కొట్టేసి ఊరుకునేవాణ్ణి. మీరు తిట్టకుండా అన్నారు కాబట్టే ఫోన్ చేశాను.'

అవతల కాసేపు నీళ్ల చప్పుడు. తర్వాత నవ్వారు. తర్వాత అసలు సంగతి చెప్పారు. ఆ కుర్రాడి ఇంటిపేరు చూడగానే వాళ్ల తాత గుర్తొచ్చాడట. ఎన్నికలకు సంబంధం లేని, ఒక పంట బోదె దగ్గర మొదలైన పాత కథ. అది ఇక్కడ రాయను. కానీ మేం 2024 నాటి తగువనుకుని తీరుస్తున్నది వీళ్లిద్దరూ పుట్టించింది కాదని తెలిసింది.

తమ్ముడు ఫోన్ ఎత్తలేదు. బండి మీద వెళ్లాను. చెరువు గట్టు మీద రేకుల షెడ్డు. దాని కింద కొబ్బరి డొక్కల్లో కట్టిన డెండ్రోబియం ఆర్కిడ్లు, ఏరేటర్ల హోరు మధ్య ఊగుతున్నాయి. పక్కనే మూతలున్న నీలం డ్రమ్ములు ఆరు. అవేమిటని అడిగాను.

'వాన నీళ్లండి. కిందటి సీజన్లో పట్టింది.'

'బోరు ఉంది కదా?'

అతను నా వైపు చూడకుండా ఒక ఆకు తుడిచాడు. 'ఆర్కిడ్లకి బోరు నీళ్లు పడవండి. ఉప్పు.'

'ఈ ముక్క గ్రూపులో చెప్పొచ్చుగా?'

'చెబితే ఒప్పుకున్నట్టు కదండీ.'

ఈ మొత్తం వ్యవహారంలో నేను నేర్చుకున్నది ఎక్కువగా ఆ మూడు మాటల్లోనే ఉంది. అతనికి నిజం తెలుసు, రోజూ ఆ నిజం ప్రకారమే మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. కానీ ఆ నిజాన్ని 'మీవాళ్లు' అన్న మనిషి ముందు పెడితే అది నిజంగా ఉండదు, ఓటమి అవుతుంది. అప్పటిదాకా నా ప్రశ్న 'ఇది రాజకీయమా, కాదా' అన్నది. డెల్టాలో ఆ ప్రశ్నకు జవాబు లేదు. నీళ్లు రాజకీయం, ఉప్పు రాజకీయం, కాలువ పూడిక రాజకీయం. వాటిని తీసేస్తే మిగిలేది ప్లాస్టిక్ పూలే. మనిషి తన మాట మార్చుకోవడానికి దారి ఉందా, లేక ఎవరో అతన్ని ఒక గుంపులో కట్టేశారా అని అడగాలి.

నిలబడ్డ నియమం

పాత రెండు మాటలు తీసేసి ఇలా రాశాం: 'నీళ్ల గురించి, మట్టి గురించి, ప్రభుత్వం గురించి కూడా మాట్లాడుకోవచ్చు. ఎదుటి మనిషిని ఏ వాళ్లలోనూ కలపకూడదు.' వాడుకలో ఇది 'మీవాళ్లు రూలు' అయిపోయింది. మీవాళ్లు, మావాళ్లు, వాళ్ల బ్యాచి, మీ జాతి, ఏదైనా అంతే. మాటను పట్టుకోవడం కాదిది, ఎదుటివాడి మీద వేసే ముద్రను పట్టుకోవడం. 'తమలాంటివారు' అన్నా పట్టుకున్నాం.

ఇలాంటిది కనిపిస్తే ఇక తీసేయం. కిందనే ఒక్క ముక్క రాస్తాం: 'ఇందులో మీవాళ్లు తీసేసి చెప్పండి.' పంపిన మెసేజీని 15 నిమిషాల లోపు పంపినవాళ్లే దిద్దుకునే వీలు 2023లో వచ్చింది. ఈ పద్ధతి దాని మీదే ఆధారపడింది. తన మాట తానే దిద్దుకున్నవాడికి అవమానం ఉండదు, నా పేరుతో గీతా మిగలదు. కానీ 15 నిమిషాల లోపు మేం చూడాలి. తగువులన్నీ రాత్రి ఏడున్నరకీ పదింటికీ మధ్యే వస్తున్నాయని పాత మెసేజీలు తిరగేస్తే తెలిసింది, భోజనాలు, టీవీ చర్చలు అయ్యే వేళ. ఆ సమయానికి అడ్మిన్లం వంతులు వేసుకున్నాం. ఒకరోజు మాస్టారి కన్నా ముందు నేనే పట్టుబడ్డాను. సరదాగా 'మీ తూర్పోళ్లు' అన్నాను, తూర్పు డెల్టా అని. పక్క అడ్మిన్ అందరి ముందూ అడిగింది, దిద్దుకున్నాను. రూలు మీద నమ్మకం కుదిరింది ఆ రోజే అనుకుంటాను.

అడ్మిన్లను కూడా పెంచాం. మేం నలుగురం ఎటువైపువాళ్లమో సభ్యులకు మాకన్నా బాగా తెలుసు. తటస్థుడి కోసం వెతికితే ఈ డెల్టాలో దొరకడు, ఇల్లెక్కడో చెప్పగానే అన్నీ తెలిసిపోతాయి. అందుకని తమ వైపువాళ్లనే 'ఊరుకోరా' అనగలిగిన ఇద్దరిని వెతికాం. ఒకరు చెరువుల రైతు, ఒకరు రిటైరైన నర్సు. చెరువుల వైపు మనిషి మొదటినుంచీ మాలో ఉండాల్సింది. లేకపోవడం నా తప్పే.

చివరగా కొలత. చందాలేసుకుని, నీళ్లలో కరిగిన ఉప్పులు ఎంతున్నాయో చూపించే టీడీఎస్ మీటర్లు రెండు కొన్నాం. చేతులు మారుతూ, కొన్నిసార్లు ఆర్టీసీ పార్సిల్లో తిరిగాయి. ఊరి పేరు వద్దు, మండలం చాలు. బోరు లోతు, రీడింగు, ఏ మొక్కకు పోస్తున్నారో రాయమన్నాం. తాగే నీటికి లీటరుకు 500 మిల్లీగ్రాములు మంచి హద్దు, వేరే దిక్కు లేకపోతే 2000 దాకా అని జాతీయ ప్రమాణం. మొక్కల సంగతి వేరే, బీన్స్ లాంటివాటికి ఆ 500 దాటాక కాస్తలోనే ఇబ్బంది మొదలవుతుంది, బీట్‌రూట్ చాలా ఓర్చుకుంటుంది. మాస్టారి బోరు 2140 చూపించింది. ఆయన ఫిర్యాదు అక్షరాలా నిజం. కానీ గొడవకు మూలమైన మిరప మొక్క ఉన్న ఇంట్లో బోరు 480. ఆవిడ కుండీల్లో వాడింది కడగని కొబ్బరి పొట్టు. దానిలో ఉప్పు సహజంగానే ఉంటుంది, రెండు మూడు నీళ్లలో కడిగి వాడాలి. దానికి తోడు వారం వారం డీఏపీ ఎరువు.

ఈ రెండు ఫలితాలనూ ఎలా చెప్పాలా అని ఒక రాత్రంతా ఆలోచించాను. మిరప సంగతి ముందు చెబితే మాస్టారు ఓడినట్టు, బోరు సంగతి ముందు చెబితే తమ్ముడు ఓడినట్టు. రెండూ ఒకే మెసేజీలో, పేర్లు లేకుండా, ఏ మొక్కకు ఏం చేయాలో దాని పక్కనే రాసి పంపాను. ఎవరూ ఏమీ అనలేదు. మర్నాడు తమ్ముడు ఆరు నీలం డ్రమ్ముల ఫోటో పెట్టాడు. కింద 'వాన నీళ్లు' అని తప్ప ఇంకేమీ రాయలేదు. ఆ నీళ్లు ఎందుకు పట్టావని నేనూ అడగలేదు.

లెక్కింపు రోజు, ఆ తర్వాత

జూన్ 4న ఫలితాలు. గ్రూపును 3వ తేదీ రాత్రినుంచి 5 ఉదయం దాకా మూస్తున్నామని వారం ముందే చెప్పాం. ఏప్రిల్లో వేసిన తాళం శిక్షలా పడింది, ఇది సెలవులా పడింది. తేడా ముందు చెప్పడంలోనే ఉంది. తెరిచేటప్పుడు ఖాళీగా తెరవలేదు. 'కాలువలకు నీళ్లు వదిలారా? మీ వైపు ఎక్కడిదాకా వచ్చాయి?' అని నర్సుగారు అడిగారు. సాయంత్రం దాకా అవే కబుర్లు, శివార్లవాళ్లు ఎప్పటిలాగే చివర. నలుగురు గ్రూపు వదిలి వెళ్లారు. వారం ఆగి ఫోన్ చేస్తే ఇద్దరు తిరిగొచ్చారు. మిగతా ఇద్దరిలో ఒకాయనకు నేను తీసేసిన ఆ పద్నాలుగే గుర్తు.

తేలనిది ఒకటుంది, నవ్వు బొమ్మలు. ఎదుటివాడు కష్టం చెప్పుకుంటే కింద ఒక పగలబడి నవ్వే బొమ్మ తగిలిస్తారు. అక్షరం లేని వెటకారం. 'మీవాళ్లు తీసేసి చెప్పండి' అనడానికి అందులో ఏముంది?

ఆ ఏడాది వానలు తగ్గాక మాస్టారు ఫోన్ చేశారు. చిక్కుడు గింజలు ఎవరికి కావాలో అడిగి, ఆ మాటా ఈ మాటా అయ్యాక, 'ఆ కుర్రాడి డ్రమ్ములు ఎన్ని లీటర్లవో కనుక్కుంటారా? నేనడిగానని అనకండి' అన్నారు.

గ్రూపులోనే అడగమన్నాను. ఏమనలేదు. మర్నాడు రాత్రి ఎనిమిదింటికి ఎవరినీ ఉద్దేశించనట్టు ఒక మెసేజీ: 'వాన నీళ్లు పట్టుకోవడానికి ఎంత డ్రమ్ము అయితే బాగుంటుందండీ? తెలిసినవారు చెప్పగలరు.'

నాలుగు నిమిషాలకు జవాబు వచ్చింది. '200 లీటర్లవి మాస్టారూ. మూత ఉన్నవే తీసుకోండి, దోమలు.'

దాని కింద ముగ్గురు నవ్వు బొమ్మలు పెట్టారు.